పోయినచోటనే వెదకవచ్చునా?
పేకముక్కలు – సంభావ్యత – నిగ్రహము

కృష్ణా జిల్లా బాపులపాడు మండలములోని హనుమాన్ జంక్షన్, విజయవాడనుండి ఏలూరునకు పోవు రహదారిపై నున్న కూడలి. ఇచ్చటినుండి ఒక త్రోవ నూజివీడునకును, మరియొక త్రోవ గుడివాడకును పోవును. నూజివీడు ప్రాంతము మామిడితోటలకు పేరుపడినది. బంగినపల్లి, చిన్నరసము, పెద్దరసము, కలెక్టరు కాయ అను రకములు ఇచ్చట విరివిగా కాయును. తోట పూతమీద ఉన్నప్పుడే దాని కాపును గుత్తకు తీసికొను వర్తకులు ఈ ప్రాంతమున కలరు.

పూత మీద బేరము చేయుట తేలిక పని కాదు. మామిడిపూతలో కాయగా నిలుచునది అత్యల్పము. తేనెమంచు పురుగు పట్టవచ్చును. ఈదురుగాలికి పిందె రాలవచ్చును. మామిడి ప్రతి ఏటను ఒకే రీతిగా కాయదు కూడ. అందుచేత వర్తకుడు చక్కగా ఆలోచించి, తగిన ధరకే తోట తీసికొన్నను, ఒక ఏడు నష్టపోవచ్చును. మరియొకడు ఆలోచన లేక ఎక్కువ ధర పెట్టియు, ఆ ఏడు కాపు విరగకాయుటచే లాభపడవచ్చును.

ఇచ్చట రెండు ప్రశ్నలు కలవు. వర్తకుడు చేసిన నిర్ణయము మంచిదా? దానివలన కలిగిన ఫలితము మంచిదా? ఈ రెండును ఒకటి కావు. వీనిని వేరుచేసి చూచుట నేర్చుకొనుటకు మామిడి వర్తకునికి చాల ఏండ్లు పట్టును, ఏలయన ఏడాదికి ఒక కాపే వచ్చును. ఇదే పాఠము పేకాటలో గంటకు అనేక పర్యాయములు ఎదురగును. అందుకే సంభావ్యతాశాస్త్రము జూదపు బల్లయొద్దనే పుట్టినది. 1654లో పాస్కల్, ఫెర్మా అను ఫ్రెంచి గణితవేత్తలు జూదపు సమస్యలను గూర్చి వ్రాసికొన్న లేఖలు ఆ శాస్త్రమునకు పునాదులైనవి.

ఆట రీతి

పోకరు అను పేకాటలో నేడు ఎక్కువ ప్రచారమున నున్న రీతి ఇది. ప్రతి ఆటగానికి రెండేసి ముక్కలు పంచబడును. ఇవి అతడొక్కడే చూచును. బల్లపై అందరికిని ఉమ్మడిగా మొదట మూడు, తరువాత ఒకటి, చివర మరియొకటి, మొత్తము ఐదు ముక్కలు తెరవబడును. ప్రతి దశలోను పందెములు జరుగును. ఎదుటివాని పందెమునకు సమముగా సొమ్ము కలుపవచ్చును, పెంచవచ్చును, లేదా ముక్కలు పడవేసి తప్పుకొనవచ్చును. తన రెండింటిని, ఉమ్మడి ఐదింటిని కలిపి చూచి, వానిలో మేలైన ఐదు ముక్కలు కలవాడు గెలుచును.

దీనిని ఆడుటలో రెండు విధములు కలవు. పోటీ విధములో అందరు ఒకే రుసుము చెల్లింతురు. బిళ్ళలు అయిపోయినవాడు లేచిపోవును. నగదు విధములో ప్రతి బిళ్ళయు రొక్కమే. ఎప్పుడైనను కూర్చుండవచ్చును, ఎప్పుడైనను లేవవచ్చును, పోయినచో మరల సొమ్ము తెచ్చుకొనవచ్చును. అనగా ఆట తనంతట తాను ముగియదు, ఆడువాడే ముగింపవలెను. ఫోనులో ఆడు నగదు ఆటకు రాత్రి పగలు అను భేదము కూడ లేదు. నిగ్రహమను మాట ఇచ్చట ముఖ్యమగుటకు కారణమిదియే.

కలుపదగిన పందెము, కలుపదగని పందెము

ఒక ఆటగాని చేతిలో రెండు ఆఠీను ముక్కలున్నవి. బల్లపై తెరచిన నాలుగింటిలో రెండు ఆఠీనులు. ఇంక ఒక ముక్క తెరవవలసియున్నది. అది ఆఠీను అయినచో అతనికి ఒకే రంగు ముక్కలు ఐదు కలిసి గెలుచుననియు, కానిచో ఓడుననియు అనుకొనవచ్చును. కట్టలోని 52 ముక్కలలో అతడు చూచినవి 6, చూడనివి 46. పదుమూడు ఆఠీనులలో నాలుగు కనబడినవి, మిగిలినవి 9. కావున గెలుపునకు సంభావ్యత 46లో 9 వంతులు, అనగా నూటికి సుమారు 19.6.

రూపాయలకు బదులు చింతపిక్కలతో లెక్క వేయవచ్చును. ఎదుటివాని పందెముతో కలిపి బల్లపై 100 పిక్కలున్నవి. ఆట కొనసాగుటకు 20 కలుపవలెను. ఇట్టి సందర్భము 46 పర్యాయములు వచ్చినచో, సగటున 9 సార్లు వందేసి చొప్పున 900 వచ్చును. 37 సార్లు ఇరువదేసి చొప్పున 740 పోవును. మిగులు 160. కావున కలుపుట మంచి నిర్ణయము. కలుపవలసినది 30 అయినచో పోవునది 1110. రాబడి 900 మాత్రమే. 210 పిక్కల నష్టము. అప్పుడు తప్పుకొనుటయే మంచి నిర్ణయము.

మొదటి సందర్భమున కలిపినవాడు అయిదింట నాలుగు సార్లు ఓడును. ఓడినను అతని నిర్ణయము తప్పు కాదు. రెండవ సందర్భమున కలిపినవాడు ఒకప్పుడు గెలుచును. గెలిచినను అతని నిర్ణయము ఒప్పు కాదు. చిక్కంతయు ఇచ్చటనే కలదు. తప్పు చేసినవానికి అప్పుడప్పుడు బహుమానము, ఒప్పు చేసినవానికి తరచుగా శిక్ష లభించు స్థలములో మనుష్యుడు అనుభవమువలన నేర్చుకొనుట కష్టము.

చింతపిక్కల ప్రయోగము

ఈ విషయమును తరగతిలోనే చూపవచ్చును. ఒక గుడ్డసంచిలో 46 చింతపిక్కలు వేసి, వానిలో 9 పిక్కలకు రంగు చుక్క పెట్టవలెను. పిక్కను అరగదీసి గుర్తు పెట్టరాదు, చేతికి తెలిసిపోవును. ప్రతి విద్యార్థియు చూడకుండ ఒక పిక్క తీసి, గుర్తు కలదో లేదో వ్రాసికొని, మరల సంచిలో వేసి కలుపవలెను. ఇట్లు 20 సార్లు చేయవలెను.

సగటున ఒక్కొక్కరికి సుమారు 4 గుర్తు పిక్కలు రావలెను. కాని 40 మంది తరగతిలో సుమారు ముగ్గురికి ఒకటి మాత్రమే వచ్చును, లేదా ఒకటియు రాదు. మరి ముగ్గురికి ఏడు గాని అంతకు మించి గాని వచ్చును. సంచి ఒకటే, పిక్కలు అవియే, తీసిన చేతులలో నైపుణ్యభేదము లేదు. అయినను మొదటివారు తమది చెడ్డచేయి అనియు, రెండవవారు తమది మంచిచేయి అనియు అనుకొనుట సహజము. అటుపిమ్మట నలువది మంది లెక్కలను కలుపవలెను. తీసిన మొత్తము 800. గుర్తు పిక్కలు సుమారు 156 రావలెను. ఆ సంఖ్య 134కును 179కిని మధ్య నుండుటకు 20లో 19 వంతుల అవకాశము కలదు. ఇరువదింటిలో కనబడని సత్యము ఎనిమిదివందలలో స్పష్టపడినది.

ఎన్ని ఆటలు చూచిన తెలియును?

కొద్దిపాటి పరిశీలనలనుండి ఎంతవరకు తెలిసికొనవచ్చును అను ప్రశ్నకు సమాధానము చెప్పినవారిలో ఒకరు నూజివీడు బడిలో చదివినవారే. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920లో హడగళిలో తెలుగు కుటుంబమున జన్మించి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో పాఠశాల విద్య ముగించిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితమును, కలకత్తాలో సాంఖ్యక శాస్త్రమును చదివిరి. పరిశీలనల సంఖ్య ఇంత అని నిర్ణయమైనప్పుడు, పక్షపాతము లేని అంచనా ఎట్టిదైనను దాని విస్తృతి ఒక హద్దుకన్న తగ్గజాలదని వారు 1945లో నిరూపించిరి. స్వీడను దేశపు క్రామేరు పేరును కలిపి దీనిని క్రామేరు–రావు హద్దు అందురు. 2023లో వారికి అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర బహుమతి లభించినది. ఆ సంవత్సరమే ఆగస్టు 22న 102 ఏండ్ల వయస్సున వారు కీర్తిశేషులైరి.

చింతపిక్కల సంచికి ఈ సిద్ధాంతమును అన్వయించినచో, పరిశీలనలు నాలుగు రెట్లయినగాని పొరపాటు సగము కాదు. ఎంత తెలివిగలవాడైనను ఈ హద్దును దాటలేడు.

ఇపుడు నగదు పోకరును చూడవచ్చును. ఈ ఆటలో ప్రతి పంపకమునకు ముందు వంతు ప్రకారము ఒకరు వేయవలసిన నిర్బంధపు పందెమును పెద్ద బ్లైండు అందురు. గెలుపోటములను దీనితోనే కొలుతురు. ఒక నేర్పరి 100 పంపకములకు సగటున 5 బ్లైండులు గెలుచుననియు, 100 పంపకములకు క్రమవిచలనము 100 బ్లైండులనియు అనుకొనవచ్చును. 10,000 పంపకములలో అతని సగటు లాభము 500 బ్లైండులు. క్రమవిచలనము 1,000 బ్లైండులు. అనగా ఈ నేర్పరి 10,000 పంపకములు ఆడిన పిమ్మట కూడ నష్టములో నుండుటకు నూటికి 31 పాళ్ళు అవకాశము కలదు. గంటకు 75 పంపకముల చొప్పున ఇది 133 గంటల ఆట! లక్ష పంపకముల తరువాత కూడ నూటికి సుమారు 6 పాళ్ళు ఆ అవకాశము మిగిలియుండును.

దీని తలక్రిందులు మరింత ప్రమాదకరము. నేర్పు లేనివాడు కూడ వారములకొలది గెలువవచ్చును. ఒక వారము గెలిచి తాను నేర్పరినని నమ్మినవాడు, 20 పిక్కలు తీసి తనది మంచిచేయి అనుకొన్న విద్యార్థివంటివాడు. భేదమొక్కటే: విద్యార్థి సంచిలో చేయి పెట్టెను, అతడు ఇంటి సొమ్ములో చేయి పెట్టెను.

పోయినచోట వెదకుట

'పోయినచోటనే వెదకుకొనవలెను' అని తెలుగునాట ఒక మాట కలదు. పొలములో జారిన ఉంగరము విషయమున ఇది సత్యము. ఉంగరము అచ్చటనే ఉండును. పేకబల్లపై పోయిన సొమ్ము అచ్చట ఉండదు. ఎదుటివాని జేబులో నుండును.

చేతిలో రెండు ఆసులున్నవాడును, రెండు రాజులున్నవాడును ఉన్న సొమ్మంతయు ఒడ్డి ఐదు ముక్కలను తెరచి చూచినచో, నూటికి సుమారు 82 సార్లు ఆసులదే గెలుపు. తక్కిన పర్యాయములలో ఆసులు ఓడును. అట్లు ఓడినవానికి అన్యాయము జరిగినట్లు తోచును, తదుపరి పంపకము తనకు బాకీపడినదని తలచును, పందెము పెంచును. కాని మరల కలిపిన కట్టకు జ్ఞాపకశక్తి లేదు. 1913 ఆగస్టులో మాంటికార్లోలోని జూదశాలలో తిరుగుచక్రముపై నలుపు వరుసగా 26 సార్లు పడినది. ఇంక ఎరుపు పడితీరవలెనని ఎరుపుపై పందెములు పెంచుచు పోయినవారు పెద్ద మొత్తములు పోగొట్టుకొనిరి. చక్రమునకును జ్ఞాపకము లేదు.

అందుచేత అనుభవజ్ఞులు కొన్ని కట్టుబాట్లు పెట్టుకొందురు. ఎంత సొమ్ము, ఎంత సేపు అని కూర్చుండుటకు ముందే నిర్ణయింతురు. కోపము గాని, అలసట గాని కలిగినచో ముందే లేతురు. ప్రతి ఆటను, గంటలను పుస్తకములో వ్రాయుదురు. తరువాత ఫలితమును విడిచి నిర్ణయమును మాత్రమే పరిశీలింతురు.

బల్లపైకి తెచ్చు సొమ్మునకు 20 నుండి 40 రెట్లు వేరుగా నుంచుకొనుట వారి మరియొక కట్టుబాటు. దీనికి కారణమును పాత గణితమే చెప్పును. ఒకనియొద్ద 10 పిక్కలు, ఎదుటివానియొద్ద 90 ఉన్నవి. నాణెమెగురవేసి ఒక్కొక్క పిక్క పందెముగా, ఒకరిది పూర్తిగా అయిపోవువరకు ఆడినచో, పదిపిక్కలవాడు మునుగుటకు సంభావ్యత నూటికి 90. ఆటలో మోసము లేదు; అతని మూలధనమే చిన్నది.

కోత – చట్టము

ఎంత నిగ్రహమున్నను తప్పించుకొనలేని అంశమొకటి కలదు. అది నిర్వాహకుని కోత. ముందటి ఆఠీను లెక్కలో కలుపవలసినది 24 అనుకొనవచ్చును. రాబడి 900, పోవునది 888, మిగులు 12. గెలిచిన ప్రతి పర్యాయము మొత్తము 124 పిక్కలనుండి నూటికి 5 చొప్పున నిర్వాహకుడు తీసికొన్నచో రాబడి 844కు తగ్గును. మిగులు 12 పోయి 44 పిక్కల నష్టము వచ్చును. బల్లచుట్టు కూర్చున్నవారి లాభనష్టములను కలిపినచో ఎల్లప్పుడు నష్టమే తేలును; అది కోతకు సమానము.

చట్టము కూడ ఈ విషయమును చాల కాలముగా విచారించుచున్నది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బునకు సంబంధించి 1967లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, రమ్మీలో చెప్పుకోదగిన నైపుణ్యము కలదనియు, మూడుముక్కలాట కేవలము అదృష్టముపై నడచుననియు పేర్కొన్నది. ఆటవలన క్లబ్బు లాభము పొందినచో నేరము కావచ్చునని కూడ హెచ్చరించినది. సొమ్ముకు ఆడు ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము నైపుణ్యము, అదృష్టము అను భేదము లేక సొమ్ము పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలన్నిటిని దేశమంతట నిషేధించినది. కావున ఈ పాఠమును నేర్చుకొనుటకు చింతపిక్కలే తగిన సాధనము.

మామిడి వర్తకునికిని, పేకాటగానికిని పోలిక కొంతవరకే. తోటను గుత్తకు తీసికొన్నవాడు నష్టపోయినను చెట్టు కాయలు కాసినది. అవి ఎవరో తినిరి. పేకబల్ల ఏమియు కాయదు. కాని నిగ్రహము విషయమున ఇద్దరికిని ఒకే నియమము: ఉన్నదంతయు ఒక్క తోటపై పెట్టరాదు, ఒక్క ఏటి కాపును చూచి తన తెలివిని కొలుచుకొనరాదు. ఒక్క పరీక్షలో తక్కువ మార్కులు వచ్చిన విద్యార్థిని గూర్చి తీర్పు చెప్పుటకు ముందు ఉపాధ్యాయుడును ఈ నియమమునే గుర్తుంచుకొనవలెను. ఎన్ని పిక్కలు తీసి చూచినామను ప్రశ్న మొదట వేసికొని, తీర్పు తరువాత చెప్పుట మంచిది.