డిస్కు ఆపరేషన్ తర్వాత పొలం పనులు ఎప్పుడు?

నడుములో డిస్కు జారినవారిలో ఎక్కువమందికి మందులు, వ్యాయామాలతోనే ఆరు నుంచి పన్నెండు వారాల్లో తగ్గిపోతుంది. అలా తగ్గనివారికి, కాలిలో బలం పోతున్నవారికి ఆపరేషన్ చేస్తారు. ఆపరేషన్ తర్వాత ఒకరు మూడు నెలల్లో పొలం పనుల్లో పడితే, మరొకరు ఏడాదైనా కోలుకోరు. ఈ తేడా ఎందుకో రైతులు తెలుసుకోవాలి.

ఆలస్యం తగదు

వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు జారి నరాన్ని నొక్కితే పిరుదు నుంచి పాదం దాకా సలుపు వస్తుంది. 'కోతలయ్యాక చూద్దాంలే' అంటూ ఆరు నెలలకు మించి నొప్పిని భరించినవారికి ఆపరేషన్ వల్ల కలిగే మేలు తగ్గుతుంది. మలమూత్రాలపై అదుపు తప్పినా, మర్మాంగాల చుట్టూ స్పర్శ పోయినా ఒక్క పూట కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ఏది ముందు తగ్గుతుంది?

కాలి సలుపు చాలామందికి కొద్ది రోజుల్లోనే తగ్గుతుంది. తిమ్మిరి, పాదంలో బలహీనత తగ్గడానికి నెలలు పట్టవచ్చు. కొందరికి కొంత మిగిలిపోతుంది కూడా. ఈ ఆపరేషన్ ముఖ్యంగా కాలి నొప్పికే. నడుము నొప్పి మొత్తం పోతుందనుకోరాదు.

కోలుకోనివ్వనివి

బీడీ, చుట్ట తాగేవారికి గాయం త్వరగా మానదు. షుగరు అదుపులో లేకపోతే చీము పట్టే ప్రమాదముంది. అధిక బరువు నడుముపై భారం పెంచుతుంది. 'కదిలితే ఏమవుతుందో' అన్న భయంతో మంచం పట్టడమూ చెరుపే. సాధారణంగా ఆపరేషన్ రోజునో, మర్నాడో లేపి నడిపిస్తారు. ఆ నడకను రోజూ కొంచెం కొంచెం పెంచుకోవాలి. గంటల తరబడి కూర్చోరాదు. డాక్టరు చెప్పినప్పటి నుంచి ఫిజియోథెరపీ వ్యాయామాలు మానకుండా చేయాలి.

పొలంలో జాగ్రత్తలు

మొదటి వారాల్లో గట్ల మీద నడవడం, కూలీల పని చూసుకోవడం వరకే సరిపెట్టుకోవాలి. మొదటి ఆరు వారాలు వంగడం, బరువులెత్తడం, నడుము మెలితిప్పడం వద్దని ఎక్కువమంది డాక్టర్లు చెబుతారు. నాట్లు, కలుపుతీత అంటే రోజంతా వంగే పనులు. యూరియా బస్తా 45 కిలోలు, డీఏపీ బస్తా 50 కిలోలు. 16 లీటర్ల స్ప్రేయరు నిండితే దాదాపు 20 కిలోలు వీపున పడుతుంది. ట్రాక్టరు కుదుపులూ నడుముకు మంచివి కావు. ఇలాంటి పనులకు మూడు నెలలైనా ఆగి, డాక్టరు సరేనన్నాకే దిగాలి. ఆపరేషన్ అయినవారిలో వందకు 5 నుంచి 15 మందికి డిస్కు మళ్లీ జారుతుంది.

కుట్ల దగ్గర చీము, జ్వరం, తగ్గిన కాలి నొప్పి తిరగబెట్టడం వంటివి కనిపిస్తే వెంటనే డాక్టరుకు చూపించాలి.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరుతో 'వ్యవసాయం చేస్తాను' అని ఊరుకోకండి. నాట్లు వేస్తారా, బస్తాలు మోస్తారా, ట్రాక్టరు నడుపుతారా, మందు కొడతారా వివరంగా చెప్పండి. ఏ పని ఎప్పుడు మొదలుపెట్టాలో ఒక్కొక్కటిగా రాయించుకోండి. అప్పటిదాకా బరువు పనులకు ఇంట్లోవాళ్లతోనో, పక్క పొలం రైతుతో పనికి పని బదులుగానో ముందే మాట్లాడి పెట్టుకోండి.