పసుపు ఎరుగని కన్ను

తెలుగువాడి నోట రంగుల పేర్లు కాస్త గడబిడగానే ఉంటాయి. చెట్టూ పచ్చనే, పసుపూ పచ్చనే, చివరకు కామెర్లు కూడా పచ్చనే! ఒక్క "పచ్చ" అన్న మాటతో ఆకునూ బంగారాన్నీ సరిపెట్టేశారు మన పెద్దలు. తెలుగు పాఠాలు చెప్పుకునే నాబోటివాడికి ఇది నిఘంటువులో తగిలే చిన్న చిక్కు మాత్రమే. ఆర్మూరు ప్రాంతపు రైతుకు అట్లా కాదు. ఆయనకు పసుపు రంగు మాట కాదు, ధర. కొమ్ము విరిస్తే లోపలి ఛాయ నిండుగా ఉంటే ఒక రేటు, వెలవెలబోతే మరొక రేటు.

ఈ రంగుల పురాణం ఇప్పుడెందుకయ్యా అంటారేమో. ఇవాళ ఇంటింటా, జేబు జేబునా ఉన్న కెమేరాకు పసుపు రంగు తెలియదు గనుక! పెళ్ళికూతురి ముఖాన పసుపును అంత ముచ్చటగా చూపించే సెల్‌ఫోనుకు పసుపు తెలియకపోవటమేమిటి? ఆ కథే చెప్పబోతున్నాను.

పూర్వం కెమేరాలో ఫిల్ము ఉండేచోట ఇప్పుడు సెన్సారు అనే చిన్న సిలికాన్ పలక ఉంటున్నది. దాని నిండా గళ్ళు. ఒక్కొక్క గడినీ పిక్సెల్ అంటారు. గడి మీద వెలుతురు పడితే అందులో ఎలక్ట్రానులు విడివడతాయి. ఎంత వెలుతురు పడితే అన్ని ఎలక్ట్రానులు. వాటిని లెక్కపెట్టటమే సెన్సారు చేసే పని. పడిన వెలుతురు ఎంతో చెబుతుందిగాని, ఆ వెలుతురు ఏ రంగో చెప్పలేదు. స్వతహాగా దానికి రంగు తెలియదు.

ఈ లోపానికి కోడక్ కంపెనీలో పనిచేసిన బ్రైస్ బేయర్ ఒక ఉపాయం కనిపెట్టాడు. 1976లో దానికి పేటెంటు కూడా వచ్చింది. ప్రతి నాలుగు గళ్ళలో రెండింటి మీద ఆకుపచ్చ, ఒకదాని మీద ఎరుపు, ఒకదాని మీద నీలం వడపోతలు అమర్చాడు. ఈనాటికీ నూటికి తొంభై కెమేరాల్లో ఇదే ఏర్పాటు గాని, దీనికి చుట్టమైన ఏర్పాటు గాని ఉంటుంది. అందులో పసుపు గడి ఎక్కడా లేదు చూశారా! పసుపుకొమ్ములో కర్క్యుమిన్ అనే పదార్థం ఉన్నది. అది ఊదా, నీలి కాంతిని మింగేసి, ఎరుపునూ ఆకుపచ్చనూ తిప్పికొడుతుంది. "ఎరుపు గడి నిండింది, ఆకుపచ్చ గడి నిండింది, నీలపు గడి ఖాళీగా ఉన్నది, అయితే ఇది పసుపే అయివుండాలి" అని యంత్రం ఊహించుకుంటుంది. అంటే మనం ఫోనులో చూసే పసుపు, చూసిన పసుపు కాదు, ఊహించిన పసుపు.

మన కంటి సంగతీ ఇంచుమించు ఇదే. కంటి వెనుక పొరలోనూ రంగును పట్టే కణాలు మూడు రకాలే. అందుకే మనమూ మోసపోతాం. మెటానిల్ యెల్లో అనే నిషిద్ధపు రంగు కలిపిన పొడి, అసలు పసుపు కంటె నిగనిగలాడుతూ కనిపిస్తుంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని పారాణి పెట్టుకునే ప్రతి ఇల్లాలికీ తెలుసు. కాని ఆ పరీక్ష పొడిలో పసుపు ఉన్నదని చెబుతుందే తప్ప, పసుపుతోపాటు మరేమీ లేదని చెప్పదు. కంటికి ఒక్కలాగే కనిపించే రెండు పచ్చదనాలను విడదీయాలంటే మూడు రంగుల లెక్క చాలదు.

ఈ సెన్సారు పుట్టుక కూడా వినదగినదే. 1969లో అమెరికాలోని బెల్ లాబొరేటరీలో విల్లార్డ్ బాయిల్, జార్జి స్మిత్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు సి.సి.డి. అనే పరికరాన్ని రూపొందించారు. అందుకు 2009లో వారికి నోబెల్ బహుమానం వచ్చింది. 1975లో కోడక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ అటువంటి పలకతోనే మొట్టమొదటి చేతి డిజిటల్ కెమేరా తయారుచేశాడు. దాని గళ్ళు పదివేలు. ఒక్క నలుపు తెలుపు బొమ్మను క్యాసెట్టు మీదికి ఎక్కించటానికి 23 సెకండ్లు పట్టేది! తరువాత 1990 దశకంలో, అంతరిక్ష నౌకలకు తేలిక కెమేరాలు కావాలని నాసావారి జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో ఎరిక్ ఫోసమ్ బృందం సీమాస్ సెన్సారును వృద్ధి చేసింది. గ్రహాల కోసం పుట్టినది చివరకు మన జేబుల్లోకి దిగింది.

2022 నాటికి ఇరవై కోట్ల గళ్ళున్న ఫోను బజారులోకి వచ్చింది. సాసన్ కెమేరాకు ఇరవైవేల రెట్లన్నమాట. ఒక్కొక్క గడి వెడల్పు మిల్లీమీటరులో వెయ్యోవంతుకు సగం దరిదాపులకు దిగింది. పసుపుపచ్చ కాంతి తరంగం పొడవు కూడా సుమారు అంతే. గడిని అంతకంటె కుదించుకుంటూ పోతే లాభం తక్కువ. కనుక గళ్ళ సంఖ్య చూసి మురిసిపోయే రోజులు కడకు వచ్చాయనే అనుకోవచ్చు. ఇకమీదట శాస్త్రజ్ఞుల పందెం ఎన్ని గళ్ళని కాదు, ఒక్కొక్క గడి ఎంత తెలుసుకోగలదని.

ఆ పందెంలో మూడు దారులు కనిపిస్తున్నాయి. మొదటిది, కాంతి రేణువులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే సెన్సారు. కానన్ కంపెనీ 2023లో అటువంటి కెమేరాను అమ్మకానికి పెట్టింది. చిమ్మచీకటి అని మనమనుకునే చోట కూడా అది రంగుల్లో చూడగలదు. రెండవది, కాంతిని మూడు ముక్కలుగా కాక పదులు, వందల ముక్కలుగా విడదీసి చూసే వర్ణపట సెన్సారు. ఈ విద్య మనకు కొత్త కాదు. 2018 నవంబరు 29న శ్రీహరికోట నుంచి ఎగిరిన హైసిస్ ఉపగ్రహం భూమిని ఇట్లాగే చూడటానికి పుట్టింది. ఉపగ్రహమంత పరికరాన్ని చేతిలో ఇమిడ్చేందుకు, సన్నని వడపోతలను సెన్సారు గళ్ళ మీదనే పోతపోసే పద్ధతిని బెల్జియంలోని ఐమెక్ సంస్థవంటివారు సాధించారు. మూడవది, సిలికాన్‌కు చేతగాని పని. ఎరుపుకు అవతల ఉండే పరారుణ కాంతిలో కొంతదూరం పోయాక సిలికాన్‌కు ఏమీ కనిపించదు. తేమ గుట్టు బాగా బయటపడేది అక్కడే. క్వాంటం చుక్కలనే అతిసూక్ష్మ కణాలను సిలికాన్ మీద పూతగా పూస్తే, ఆ కాంతిని తక్కువ ఖర్చుతో పట్టవచ్చునని ఇప్పుడు ప్రయత్నం సాగుతున్నది. ఆ చుక్కల్ని కనిపెట్టి పెంపొందించిన ముగ్గురికి 2023లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

పసుపును నూరకుండా, కరిగించకుండా, పరారుణ కాంతితోనే అందులోని కర్క్యుమిన్‌నూ తేమనూ అంచనా కట్టవచ్చునని పరిశోధనశాలల్లో ఇప్పటికే చూపించారు. ఆ పని చేసే సెన్సారు ఫోనంత చౌక అయినరోజున మన ప్రాంతానికి అది ఎంత పెద్ద సంగతో ఆలోచించండి. ఎనిమిది తొమ్మిది నెలలు నేలలో పెంచి, తవ్వి, ఉడకబెట్టి, ఎండబోసి, డ్రమ్ములో పాలిష్ పట్టించి రైతు సరుకును నిజామాబాదు యార్డుకు చేరుస్తాడు. కొనేవాడు గుప్పెడు కొమ్ములు తీసి, ఒకటి విరిచి, చప్పుడు విని, లోపల చూసి, ధర చెబుతాడు. అనుభవమున్న కన్ను గొప్పదే, కాదనను. కాని ఆ కన్ను ఒక పక్షానికి చెందినది. "రంగు తక్కువున్నదే పటేలా" అని అవతలివాడంటే, "ఎంత తక్కువున్నది సేటూ?" అని అడగటానికి రైతు దగ్గర కొలత లేదు.

ఆ ధర కోసమే గదా, 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాదు స్థానానికి 185 మంది పోటీపడితే, వారిలో 170 మందికి పైగా రైతులే అయ్యారు! వారు కోరిన పసుపు బోర్డు 2025 జనవరి 14న, సంక్రాంతినాడు, నిజామాబాదులో ప్రారంభమైంది. దూరపు వ్యాపారి కూడా ధర వేయటానికి వీలుగా 2016లో వచ్చిన ఈ-నామ్ పద్ధతిలోనూ ఈ యార్డు చేరింది. కంటికి ఎదురుగా లేని సరుకుకు ధర వేయాలంటే నమ్మదగిన కొలత ఉండాలి. మామూలు ఫోను ఫోటో అందుకు పనికిరాదు. ట్యూబులైటు కింద ఒక పసుపు చూపిస్తుంది, ఎండలో మరొక పసుపు చూపిస్తుంది. పైగా మనల్ని మెప్పించటానికి తనంతట తానే మెరుగులు దిద్దుతుంది. పచ్చకామెర్లవాడి సామెత కెమేరాకూ వర్తిస్తుంది.

అయితే కొత్త సెన్సారు వచ్చినంత మాత్రాన న్యాయం దానంతటది రాదు. అది కొనేవాడి చేతిలోనే ఉంటే, ధర తగ్గించటానికి మరొక సాకు అవుతుంది. దీనికి దారి మన అంగళ్ళలోనే ఉన్నది. 1956 చట్టం తరువాత శేరూ మణుగూ పోయి కిలోగ్రాము వచ్చింది. ఆ కిలోను జనం నమ్మింది రాయి బరువును చూసి కాదు, దాని మీది సర్కారు ముద్రను చూసి. ఇప్పటికీ కాంటాకు తూనికలు కొలతల శాఖవారి ముద్ర ఉండవలసిందే. రేపటి సెన్సారుకూ అటువంటి ముద్రే పడాలి. తెలిసిన నమూనాతో ఏటేటా దాన్ని సరిచూడాలి. అది చెప్పే అంకె అమ్మేవాడికీ కొనేవాడికీ ఒకేసారి కనిపించాలి. దాన్ని చీటీ మీద రాసి రైతు చేతికివ్వాలి.

అప్పుడు "రంగు తక్కువున్నదే" అన్నమాటకు "చీటీ చూడు సేటూ" అనే జవాబు ఉంటుంది. కిరాణా కొట్టులో పసుపు పొట్లం కొనే ఇల్లాలు కూడా, "ఇందులో పసుపెంత?" అని ధైర్యంగా అడగవచ్చు.