కారుకు ముక్కు కన్నా తోకే ముఖ్యం!

1930ల తొలినాళ్లలో అమెరికాలోని క్రైస్లర్ కంపెనీ ఇంజనీర్లు కార్ల నమూనాలను విండ్ టన్నెల్‌లో, అంటే ఫ్యాన్లతో గాలి వీచే సొరంగంలో ఉంచి పరీక్షించారు. చిత్రమైన సంగతి బయటపడింది. అప్పటి కార్లను వెనక్కి తిప్పి పెడితేనే గాలి అడ్డు తక్కువగా ఉంది! గాలి లెక్క ప్రకారం చూస్తే, జనం అంతవరకు కార్లను తిరగేసి నడుపుతున్నట్టే.

వెనక తిరిగే సుడులు

కదిలే కారు ఎదురుగా ఉన్న గాలిని నెడుతుంది. దాంతో ముందు భాగంలో పీడనం పెరుగుతుంది. ఆ గాలి పైకప్పు మీదుగా, పక్కల నుంచి వెనక్కి జారుతుంది. కప్పు మెల్లగా వాలుతూ ఉంటే గాలి దాన్ని అంటిపెట్టుకునే సాగుతుంది. కప్పు ఒక్కసారిగా గోడలా తెగిపోతే, ఆ మలుపు తిరగలేక విడిపోయి సుడులు తిరుగుతుంది. అక్కడ పీడనం తక్కువ. ముందున్న ఎక్కువ పీడనానికీ, వెనకున్న తక్కువ పీడనానికీ మధ్య తేడాయే కారును వెనక్కి లాగుతుంది. దీన్ని డ్రాగ్ అంటారు. మట్టిరోడ్డు మీద వెళ్లే బస్సు వెనక అద్దానికి అంత దుమ్ము పట్టేది ఈ సుడుల వల్లే.

ఏ ఆకారానికి ఎంత అడ్డు అన్నది డ్రాగ్ గుణకం చెబుతుంది. గాలికి ఎదురుగా నిలబెట్టిన ఘనాకారపు పెట్టెకు ఇది సుమారు 1.05. ముందు గుండ్రంగా ఉండి, వెనక సన్నబడుతూ పోయే చేపలాంటి ఆకారానికి 0.04 దాకా తగ్గుతుంది.

తోక కోసిన ఇంజనీరు

1921లో ఎడ్మండ్ రుంప్లర్ బెర్లిన్ ప్రదర్శనలో నీటిబొట్టు ఆకారపు కారును చూపించాడు. 1979లో దాన్ని విండ్ టన్నెల్‌లో పరీక్షిస్తే గుణకం 0.28 వచ్చింది. ఇప్పటి కార్లలో చాలావాటికన్నా అది మెరుగు! కానీ ఆ కారు అమ్ముడుపోలేదు. క్రైస్లర్ 1934లో తెచ్చిన ఎయిర్‌ఫ్లోనూ జనం మెచ్చలేదు.

చేపలాంటి పొడవాటి తోక ఉంటే కారును పార్క్ చేయడం కష్టం. జర్మనీకి చెందిన వూనిబాల్డ్ కామ్ దీనికి దారి చూపాడు. కప్పును కొంతదూరం వాలనిచ్చి, ఆపై తోకను నిటారుగా కోసేస్తే చాలు, లాభంలో చాలా భాగం దక్కుతుంది. టయోటా ప్రియస్ వెనక భాగం ఇలాంటిదే.

యూనిట్ల లెక్క

డ్రాగ్ బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. దాన్ని ఎదుర్కోవడానికి కావలసిన పవర్ వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. గుణకం 0.30, ఎదురు వైశాల్యం 2.2 చదరపు మీటర్లు ఉన్న కారును తీసుకుందాం. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో గాలిని తోసుకుపోవడానికి దానికి దాదాపు 1 కిలోవాట్ చాలు. 100 కిలోమీటర్ల వేగంలో 8.5 కిలోవాట్లు కావాలి. అందుకే మెల్లగా తిరిగే సిటీ బస్సు పెట్టెలా ఉన్నా పెద్ద నష్టం లేదు. హైవే మీద మాత్రం ఆకారం ఖరీదైన విషయం.

హైదరాబాద్ నుంచి విజయవాడకు దాదాపు 270 కిలోమీటర్లు. ఇదే కారు 80 వేగంతో వెళ్తే గాలికి 15 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. 100తో వెళ్తే 23 యూనిట్లు. ప్రయాణంలో 40 నిమిషాలు కలిసొస్తాయి కానీ, 40 యూనిట్ల బ్యాటరీలో అయిదో వంతు అదనంగా కరిగిపోతుంది. గుణకం 0.40, వైశాల్యం 2.7 ఉన్న ఎత్తైన ఎస్‌యూవీ అయితే, ఏ వేగంలోనైనా ఈ ఖర్చు మరో 60 శాతానికి పైగా పెరుగుతుంది.

ఎలక్ట్రిక్ కార్లకు మూసిన ముందు గ్రిల్, చదునైన అడుగుభాగం, లోపలికి ముడుచుకునే డోర్ హ్యాండిళ్లు పెడుతున్నది ఇందుకే. మెర్సిడెస్ ఈక్యూఎస్ గుణకం 0.20కి దిగింది. మన చేతిలోనూ కొంత ఉంది. సామాను లేనప్పుడు కప్పు మీది క్యారియర్ తీసేయడం, హైవే మీద కాస్త వేగం తగ్గించడం. ఈ రెంటికీ కొత్త కారు కొనక్కర్లేదు.