మీకు తెలుసా? తడిసిన లాగుకు కారణం మలబద్ధకం కావచ్చు

మలబద్ధకం నయమైతే, పగటిపూట బట్టలు తడుపుకునే అలవాటు చాలామంది పిల్లల్లో దానంతటదే పోతుంది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో దీర్ఘకాల మలబద్ధకం ఉన్న 234 మంది పిల్లలపై జరిపి, 1997లో ప్రచురించిన అధ్యయనంలో 29 శాతం మందికి ఈ ఇబ్బంది ఉంది. ఆ 29 శాతంలో మలబద్ధకం తగ్గినవారిని చూస్తే, 89 శాతం మందికి తడుపుకోవడం పూర్తిగా పోయింది. గట్టిపడిన మలంతో ఉబ్బిన పేగు ముందున్న మూత్రాశయాన్ని నొక్కేస్తుంది కాబట్టి, మూత్రాశయం నిండకముందే ముడుచుకుంటుంది. ఇందులో బిడ్డ నిర్లక్ష్యమేమీ లేదు, తిట్టడం అన్యాయం. ‘మావాడు రోజూ దొడ్డికి వెళ్తాడుగా’ అనవచ్చు. రోజూ వెళ్లినా లోపల మలం మిగిలిపోయే పిల్లలుంటారు, వైద్యులు చూస్తేనే తెలుస్తుంది. తడుపుతున్నాడని మంచినీళ్లు తగ్గిస్తే మలం ఇంకా గట్టిపడుతుంది.