బండి దిగిన డ్రైవరుకు బి.పి. చూసేదెవరు?

ఖరగ్‌పూర్: బ్రేకు పైపులో గాలి పీడనం చదరపు సెంటీమీటరుకు 5 కిలోలు చూపనిదే రైలు డ్రైవరు బండి కదిలించడు. ఆ డ్రైవరు రక్తపోటును మాత్రం సర్వీసులో ఉన్నంతకాలం రైల్వే శాఖ చూస్తుంది. పదవీ విరమణ చేసిన మర్నాటి నుంచి అది ఆయన సొంత బాధ్యత.

రైళ్ళు నడిపే సిబ్బందికి 45 ఏళ్ళు వచ్చేవరకు నాలుగేళ్ళకొకసారి, 55 వరకు రెండేళ్ళకొకసారి, ఆపైన ఏటా వైద్య పరీక్ష జరపాలన్నది రైల్వే నిబంధన. పరీక్షలో నెగ్గనివారిని తక్కువ శ్రేణి పనికి మార్చే అవకాశం ఉన్నందున బి.పి. మాట బయటపడుతుందేమోనన్న బెరుకు సిబ్బందిలో సహజం. అయితే నాలుగేళ్ళ వ్యవధిలో అదుపు తప్పిన రక్తపోటు గుండెకు, మూత్రపిండాలకు చేయగల చేటు తక్కువేమీ కాదు. పింఛనుదారులకు రైల్వే వైద్య పథకం ఉన్నది. ఆసుపత్రి తలుపు తెరిచే ఉంటుంది గానీ, పరీక్షకు రమ్మని పిలిచే కాగితం ఇక రాదు.

బెంగాల్-నాగపూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు వచ్చి స్థిరపడిన ఈ పట్టణంలో ఈ సమస్య తెలుగువారికి పరాయిది కాదు. మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి కార్మిక నాయకునిగా పేరు గడించినది ఆ రైల్వేలోనే. నాటి కార్మికుల మూడవ, నాలుగవ తరాలవారు నేటికీ ఇక్కడి కాలనీలలో నివసిస్తున్నారు.

దేశవ్యాప్తంగా చూస్తే పరిస్థితి మరింత ఆందోళనకరం. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, 31.5 కోట్ల మందికి అధిక రక్తపోటు ఉన్నాయి. మరో 13.6 కోట్ల మంది మధుమేహానికి చేరువలో ఉన్నారు.

పరికరాల ధర అందుబాటులోకి తెచ్చేందుకు ప్రయత్నాలు జరగకపోలేదు. బి.పి. యంత్రం, గ్లూకోమీటరు, ఆక్సీమీటరు, డిజిటల్ థర్మామీటరు, నెబ్యులైజరులపై వ్యాపారుల లాభాన్ని 70 శాతానికి పరిమితం చేస్తూ జాతీయ ఔషధ ధరల ప్రాధికార సంస్థ 2021 జూలైలో ఉత్తర్వులు జారీ చేసింది. కాగా, మధుమేహ పరీక్షలో అసలు ఖర్చు యంత్రానిది కాదు, స్ట్రిప్పులది. స్ట్రిప్పు 20 రూపాయల చొప్పున రోజుకొకటి వాడితే నెలకు 600 రూపాయలు. రెండు నుంచి నాలుగు రూపాయలకే స్ట్రిప్పు అందించే లక్ష్యంతో హైదరాబాద్ బిట్స్, ముంబయి ఐ.ఐ.టి.లలో రూపొందిన పరికరాలను కేంద్ర ప్రభుత్వం 2014లో విడుదల చేసింది. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో ఆచార్య సుమన్ చక్రవర్తి బృందం కాగితపు పట్టీపై వేసిన రక్తపు బొట్టును సెల్‌ఫోను సాయంతో పరీక్షించే విధానంపై కృషి చేసింది. ఆయనకు 2022 ఇన్ఫోసిస్ బహుమతి లభించింది.

బి.పి. యంత్రానికి స్ట్రిప్పుల బెడద లేదు. ఒకసారి కొంటే ఇంటిల్లిపాదికీ పనికివస్తుంది. అయితే చూసే పద్ధతి తప్పితే అంకెలూ తప్పుతాయి. పరీక్షకు అరగంట ముందు నుంచి టీ, బీడీ, సిగరెట్టు ముట్టరాదు. మూత్రవిసర్జన చేసి, వీపు ఆనించి, పాదాలు నేలపై ఉంచి, అయిదు నిమిషాలు మౌనంగా కూర్చోవాలి. పట్టీని చొక్కాపై కాక చేతిపైనే, గుండె ఎత్తులో చుట్టాలి. చేతి కొలతకు తగిన పట్టీ కావాలి. ఇరుకైన పట్టీ లేని బి.పి.ని చూపుతుంది. మణికట్టు యంత్రాల కంటె దండకు చుట్టేవే నమ్మదగినవి. ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, నిమిషం విరామంతో వారం రోజులు చూసి, తొలిరోజు అంకెలు వదలి సగటు కట్టాలి. ఆసుపత్రిలో 140/90 ఎటువంటిదో, ఇంట్లో 135/85 అటువంటిది. డాక్టరును చూడగానే బి.పి. పెరిగేవారు, అక్కడ తగ్గి ఇంట్లో పెరిగేవారు కూడా ఉన్నందున ఈ పద్దుకు వైద్యులు విలువ ఇస్తారు. రాత్రి డ్యూటీ చేసేవారు పడుకున్న వేళలు కూడా రాసుకోవడం మంచిది.

ఒక్కనాటి అంకె చూసి మాత్ర మానుకోవడం, పెంచుకోవడం ప్రమాదకరం. షుగరుకు మాత్రలు మాత్రమే వాడేవారిలో చాలామందికి రోజూ వేలు గుచ్చుకోవలసిన పని లేదు. ఎన్నాళ్ళకొకసారి చూడాలో డాక్టరును అడగాలి. ఇన్సులిన్ తీసుకునేవారి సంగతి వేరు. షుగరు 70 కంటె తగ్గి చెమటలు, వణుకు వస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగి, పావుగంట తరువాత మళ్ళీ చూడాలి. బి.పి. 180/120 దాటి ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబాటు, ఒక పక్క చేయి లేదా కాలు పట్టు తప్పడం వంటివి కనిపిస్తే మరోసారి కొలుస్తూ కూర్చోక ఆసుపత్రికి చేరాలి. ఈ లక్షణాలుంటే యంత్రం ఎంత చూపినా జాప్యం తగదు.

ఏడాదికొకసారి ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు రాసుకున్న నోటుబుక్కుతోపాటు యంత్రాన్ని కూడా సంచిలో వేసుకుని వెళ్ళి, అక్కడి యంత్రంతో పోల్చి చూపించుకోవాలని వైద్యులు సూచిస్తుంటారు.