రెండు తలకిందులు

“సార్, నలభై వేలది గుయ్‌మంటోంది. పాతిక వేలది కిక్కురుమనట్లేదు. ఏది కొనాలి?”

ఇంటర్ రెండో ఏడాది పిల్లలకు విద్యుదయస్కాంత ప్రేరణ పాఠం ముగించి, సందేహాలుంటే అడగమన్నాను. వెనక బెంచీలోంచి లేచిన అబ్బాయి అడిగిన ప్రశ్న ఇది. క్లాసంతా గొల్లుమంది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. గంటసేపు నేను బోర్డు మీద రాసినదంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది.

కాలేజీ బ్యాండులో వాయించడానికి వాడికి బేస్ గిటార్ కావాలి. ఇంట్లో నలభై వేల దాకా ఒప్పుకున్నారు. ఆదివారం దుకాణానికెళ్లి రెండు వాయించి చూశాడు. ఖరీదైన దానిమీద ఒక నాబ్ తగ్గించగానే ఆంప్లిఫయర్ (ఆంప్)లోంచి సన్నని రొద మొదలైంది. చవకది మాత్రం ఎటు తిప్పినా నిశ్శబ్దంగానే ఉంది. డబ్బు ఎక్కువ పెడితే రొద ఎక్కువ రావడమేమిటన్నది వాడి అనుమానం. జవాబు మర్నాడు చెబుతానన్నాను. ఆ రాత్రి ఇంట్లో ఉన్న పాత బేస్ గిటార్ స్క్రూలు విప్పి, సోల్డరింగ్ ఐరన్ వేడెక్కించాను.

ముందు ఆ వాద్యం ఎలా పలుకుతుందో చూద్దాం. వీణకు కుండ ఉంది, మామూలు గిటార్‌కు బోలు పెట్టె ఉంది. తీగ కదలికను అవి గాలికి అందిస్తాయి. ఎలక్ట్రిక్ బేస్‌కు ఉన్నది గట్టి చెక్క పలక. ఆంప్ లేకుండా మీటితే పక్క గదిలోకి కూడా వినపడదు. దాని గొంతు తీగల కింద, నల్లటి ప్లాస్టిక్ మూత లోపల ఉంటుంది. దాన్నే పికప్ అంటారు. లోపల ఆల్నికో, అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్‌లను ఇనుముతో కలిపి చేసిన కడ్డీ అయస్కాంతాలుంటాయి. వాటి చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. అంతే. కదిలే భాగం ఒక్కటీ లేదు.

పైన ఉక్కు తీగ ఉందిగా, కింది అయస్కాంతం దాన్నీ అయస్కాంతంగా మార్చేస్తుంది. తీగను మీటామంటే ఒక చిన్న అయస్కాంతాన్ని చుట్ట ముందు ఊపినట్టే. చుట్ట గుండా వెళ్లే అభివాహం మారుతుంది, మారినప్పుడల్లా చుట్టలో వోల్టేజి పుడుతుంది. ఫారడే 1831లో కనుక్కున్న సంగతే ఇది. తీగ సెకనుకు 41 సార్లు ఊగితే కేబుల్‌లో కరెంటూ 41 సార్లు ఊగుతుంది. తీగ చుట్టను తాకదు, అయస్కాంతాన్నీ తాకదు. ఉక్కు తీగ తీసి ఇత్తడిది బిగించండి, ఎంత గట్టిగా మీటినా పికప్ మూగబోతుంది.

చిక్కు కూడా ఇక్కడే మొదలవుతుంది. ఎదురుగా మారుతున్న అయస్కాంత క్షేత్రం తీగదా, గోడలోని కరెంటు వైర్లదా, ట్యూబ్‌లైటు చోక్‌దా, ఆంప్ ట్రాన్స్‌ఫార్మర్‌దా అన్నది చుట్టకు తెలియదు. అది దేనికైనా వోల్టేజి ఇస్తుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. కాబట్టి ఆంప్‌లో 50 హెర్ట్జ్‌ల దగ్గర, దాని రెట్టింపు 100 దగ్గర రొద వినపడుతుంది.

మామూలు గిటార్‌లో అతి మంద్రమైన తీగ 82 హెర్ట్జ్‌ల దగ్గర మొదలవుతుంది. బేస్‌లో ఇ తీగ 41 దగ్గరే మొదలవుతుంది. ఆ తీగను మూడో ఫ్రెట్ (మెడ మీది మూడో మెట్టు) దగ్గర నొక్కితే వచ్చేది 49. అన్నిటికన్నా సన్నని జి తీగను ఏమీ నొక్కకుండా మీటితే వచ్చేది 98. మన గోడలోని కరెంటు 50, 100. అంటే బేస్ గిటార్ పలికే మేరలోనే మన కరెంటూ పలుకుతోంది! 50 దగ్గర ఫిల్టర్ పెట్టి రొదను కోసేద్దామంటే, దానితోపాటు మూడో ఫ్రెట్ స్వరమూ తెగిపోతుంది. ఇక్కడ జల్లెడ పనికిరాదు. పాలనూ నీళ్లనూ వేరుచేసే హంస కావాలి.

ఆ హంసను బేస్‌లోకి తెచ్చినవాడు లియో ఫెండర్. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే దుకాణం నడిపిన మనిషి. గిటార్ వాయించడం ఆయనకు ఎన్నడూ రాలేదు. వాయించేవాళ్ల కష్టాలు వినడం మాత్రం బాగా వచ్చు. అప్పట్లో బ్యాండ్లలో మంద్ర స్వరాలకు నిలువెత్తు డబుల్ బేస్ వాడేవారు. దాన్ని మోయడం కష్టం, డ్రమ్ముల మోతలో అది వినపడటం ఇంకా కష్టం. పైగా వయొలిన్ లాగా దానికి మెట్లుండవు. వేలు కొద్దిగా జరిగితే శ్రుతి తప్పుతుంది. సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ 1930లలోనే మెట్లున్న ఎలక్ట్రిక్ బేస్ చేశాడు గానీ అది జనంలోకి వెళ్లలేదు. 1951లో లియో గట్టి చెక్క, నాలుగు తీగలు, వీణకు మెట్లున్నట్టు లోహపు ఫ్రెట్లు, 34 అంగుళాల తీగ పొడవుతో తన బేస్ తెచ్చాడు. వేలు ఎక్కడ నొక్కినా స్వరం కచ్చితంగా పడుతుంది కనుక ప్రెసిషన్ బేస్ అని పేరు పెట్టాడు.

ఆ తొలి బేస్‌లో చుట్ట ఒక్కటే. కాబట్టి రొద తప్పలేదు.

అటు మిషిగన్‌లోని కలమజూలో, ఫెండర్‌కు ప్రధాన ప్రత్యర్థి గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజినీరు ఇదే రొద మీద కుస్తీ పడుతున్నాడు. ఆయన రెండు చుట్టలను పక్కపక్కనే పెట్టి, ఒకదాన్ని ఇంకోదానికి తలకిందులుగా కలిపాడు. 1955లో పేటెంట్‌కు దరఖాస్తు పెట్టాడు. ప్రతి తీగా రెండు చుట్టల మీదుగానూ పోతుంది. రొద పోయింది. కానీ దానికో మూల్యం ఉంది. ఒకే తీగను రెండు చోట్ల వినడం వల్ల, తీగలో పుట్టే సన్నని, చురుకైన కంపనాలు కొన్ని తమలో తామే రద్దయిపోతాయి. స్వరం గుండ్రంగా, మెత్తగా మారుతుంది. ఆ మెత్తదనమే కావాలనే గిటారిస్టులు ఎందరో ఉన్నారు. బేస్‌లో మాత్రం తీగ మీటిన తొలి చిటుకు పోతే, స్వరం ఎక్కడ మొదలైందో తెలియకుండా పోతుంది.

లియో జవాబు 1957లో వచ్చింది. నాకు ఈ వాద్యంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే. ఆయన చుట్టను రెండుగా విడగొట్టాడు. ఒక ముక్కను ఇ, ఎ తీగల కింద, రెండోదాన్ని కాస్త బ్రిడ్జి (తీగల కింది కొసలు ఆనే లోహపు ముక్క) వైపు జరిపి డి, జి తీగల కింద పెట్టాడు. ప్రతి తీగా ఒకే చుట్టకు, ఒకే చోట వినపడుతుంది. అందుకే చిటుకు చెక్కుచెదరదు. ఆ బేస్‌ను చూస్తే పికప్ రెండు ముక్కలుగా ఎగుడుదిగుడుగా కనిపిస్తుందే, అది అందం కోసం చేసింది కాదు.

ఇక లోపలి తంత్రం. మొదటి చుట్ట ఒక దిశలో చుట్టి ఉంటే, రెండోది ఎదురు దిశలో చుట్టి ఉంటుంది. మొదటిదానిలో అయస్కాంతాల ఉత్తర ధ్రువం పైకి ఉంటే, రెండోదానిలో దక్షిణ ధ్రువం పైకి ఉంటుంది. రెండిటినీ శ్రేణిలో కలిపారు. ఇప్పుడు గోడలోంచి రొద వచ్చిందనుకోండి. అది పికప్ లోపలి అయస్కాంతాల్ని పట్టించుకోదు, చుట్టిన దిశ ఒక్కటే దానికి లెక్క. మొదటి చుట్టలో ప్లస్ అయితే రెండోదానిలో మైనస్. కలిపితే సున్నా.

అదే తీగ ఊగితే? తీగకు అయస్కాంతత్వం ఇచ్చింది కింది ధ్రువమే కదా. ధ్రువం తిరగబడితే సంకేతం తిరగబడుతుంది. చుట్టిన దిశా తిరగబడింది గనుక ఇంకోసారి తిరగబడుతుంది. రెండు తలకిందులు కలిసి నిటారు. నాలుగు తీగలూ ఒకే వరుసలో బయటికొస్తాయి, రొద మాత్రం లోపలే తనను తాను తినేస్తుంది. దీనికి బ్యాటరీ లేదు, ఫిల్టర్ లేదు, అదనపు భాగం ఒక్కటీ లేదు. ఏడో తరగతి లెక్క చాలు.

ఆ రాత్రి నేను పరీక్షించి చూసింది ఇదే. నా పాత బేస్ ప్రెసిషన్ తరహాదే. మీటరు పెడితే పికప్ మొత్తం నిరోధం పది కిలో ఓమ్‌లకు కాస్త పైన చూపించింది, ఒక్కో చుట్టది అందులో సగం. ఒక చుట్ట రెండు కొసలనూ చిన్న వైరుతో కలిపేశాను. ఆంప్ ఆన్ చేయగానే గుయ్‌మంది. డి, జి తీగలు దాదాపు మూగబోయాయి. ఇ, ఎ తీగలు రొద మధ్యలో పలికాయి. వైరు తీసేశాను. రొద కత్తితో కోసినట్టు ఆగింది, నాలుగు తీగలూ తిరిగొచ్చాయి. ఒక్క వైరు ముక్కతో 1957కు ముందుకూ వెనక్కూ వెళ్లొచ్చాను.

ఇప్పుడు మావాడి నలభై వేల గిటార్ సంగతి. అది జాజ్ బేస్ తరహాది. 1960లో లియో తెచ్చిన రెండో నమూనా అది. సన్నటి మెడ, బ్రిడ్జి దగ్గర ఒకటి, మెడవైపు ఒకటి, రెండు విడివిడి పికప్‌లు. ఒక్కోదాని కింద నాలుగు తీగలూ పోతాయి. ఇప్పటి జాజ్ బేస్‌లలో ఈ రెండు పికప్‌లూ ఒకదానికొకటి తలకిందులుగానే ఉంటాయి. రెండు నాబ్‌లూ పూర్తిగా తెరిస్తే రొద కొట్టుకుపోతుంది. ఒకటి తగ్గిస్తే తూకం చెడి, మిగిలినది ఒంటరి చుట్ట అవుతుంది. దుకాణంలో వాడు తగ్గించింది ఆ నాబే. పాతిక వేలది ప్రెసిషన్ తరహాది కనుక ఎటు తిప్పినా నిశ్శబ్దమే. ఆ రొద జాజ్ తరహా గిటార్ లోపం కాదు, దాని స్వభావం. రొద వస్తున్నప్పుడు గిటార్ పట్టుకుని నిలబడ్డచోటే మెల్లగా తిరిగి చూడండి. ఒక దిక్కున రొద తగ్గుతుంది, ఇంకో దిక్కున పెరుగుతుంది. గదిలోని అయస్కాంత క్షేత్రం ఎటు పారుతోందో మీ చేతిలోని వాద్యం చూపిస్తున్నట్టు.

ఆ తర్వాతి చరిత్ర వేగంగా చెప్పేస్తాను. డెట్రాయిట్‌లోని మోటౌన్ స్టూడియోలో జేమ్స్ జేమర్సన్ ఒక్క చూపుడువేలితో ప్రెసిషన్ బేస్ మీటి ఎన్నో పాటలకు నడక నేర్పాడు. జాకో పాస్టోరియస్ ఫ్రెట్లు లేని జాజ్ బేస్‌ను గాత్రంలా పాడించాడు. 1965లో లియో తన కంపెనీని సీబీఎస్‌కు అమ్మేశాడు. 1976లో మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే బేస్‌లో సంకేతాన్ని గిటార్ లోపలే పెంచే, బ్యాటరీతో నడిచే ప్రీ ఆంప్ వచ్చింది. అలాంటివి కొంటే వాయించనప్పుడు కేబుల్ పీకి పెట్టాలి, లేకపోతే బ్యాటరీ కరిగిపోతుంది. మద్రాసు స్టూడియోల్లో ఇళయరాజా బేస్‌కు పాట కింద ఇంకో పాట అప్పగించాడు. మన తరం తెలుగువాళ్లు ఆ వరుసలు పేరు తెలియకుండానే తలూపుతూ విన్నారు.

ఇక ఏది కొనాలి? ఆ అద్భుతమైన పికప్‌ను చేయడం ఇప్పుడు ఖరీదైన పని కాదు. ఇండోనేషియాలోనో చైనాలోనో తయారయ్యే మధ్యస్థ ధర బేస్‌లోనూ అదే తంత్రం ఉంటుంది. నచ్చకపోతే తర్వాత మార్చుకోవచ్చు. మార్చుకోవడం అంత తేలిక కానిది మెడ. నాలుగు తీగలూ కలిసి దాన్ని దాదాపు ఒక మనిషి బరువంత బలంతో రాత్రింబవళ్లు లాగుతుంటాయి. లోపలి ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ ఎదురు బలం ఇస్తుంది. మే నెల ఎండకూ ఆగస్టు తేమకూ చెక్క మారినప్పుడల్లా ఈ తూకాన్ని సరిచేసుకోవాలి.

కాబట్టి ఇ తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కి, ఏడో ఫ్రెట్ దగ్గర కింద ఎంత సందుందో చూడాలి. విజిటింగ్ కార్డు మందం చాలు. ఎక్కువ తక్కువలుంటే ట్రస్ రాడ్ తిప్పి సరిచేయమని దుకాణంలోనే అడగాలి. అయినా లొంగని మెడ మనకొద్దు. మెడ అంచున అరచేయి జార్చి ఫ్రెట్ల కొసలు గీసుకుంటున్నాయేమో చూడాలి. ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్ మీదా మీటాలి. జి తీగ మీద అయిదు నుంచి ఏడో ఫ్రెట్ దాకా స్వరం త్వరగా చచ్చిపోతోందేమో చెవి పెట్టాలి. ఈ తరహా బేస్‌లలో అక్కడ అది సామాన్యం, మరీ ఎక్కువైతే ఇంకోటి చూడాలి. పన్నెండో ఫ్రెట్ దగ్గర శ్రుతి తేడా ఉంటే భయం లేదు, బ్రిడ్జి మీద స్క్రూతో సరిపోతుంది. బెల్టు తగిలించుకుని చేతులు వదిలితే మెడ నేలకు వాలిపోకూడదు. మొత్తం డబ్బు గిటార్ మీదే పెట్టొద్దు, ఆంప్‌కు మిగుల్చుకోవాలి. మంద్ర స్వరానికి గాలిని కదిలించే పెద్ద స్పీకర్ కావాలి.

మర్నాడు క్లాసులో ఇదంతా చెప్పాను. శనివారం వాడు మళ్లీ దుకాణానికి వెళ్లాడు. నలభై వేలదానికి రెండు నాబ్‌లూ తెరిచి చూస్తే రొద లేదట. విజిటింగ్ కార్డు పరీక్షలో రెండూ నెగ్గాయట. వాడి వేళ్లకు ప్రెసిషన్ తరహా మెడే కుదిరింది. పాతిక వేలది తీసుకుని, మిగిలిన డబ్బుతో ఆంప్ కొన్నాడు. సోమవారం రెండూ మోసుకుని క్లాసుకొచ్చాడు.

ట్యూబ్‌లైటు కిందే నిలబెట్టి వాయించమన్నాను. కాసేపు వాయించాక, మొదటిరోజు నవ్వినవాళ్లలో ఒకమ్మాయి అడిగింది, “రొద ఎందుకు రావట్లేదు?” అని. నేను సుద్దముక్క వాడి చేతికిచ్చాను. వాడు రెండు చుట్టలు గీశాడు, ఎదురెదురు బాణాలు వేశాడు, ఒకదాని మీద ఉ, ఇంకోదాని మీద ద అని రాశాడు. రొద కింద ప్లస్, మైనస్ రాసి కొట్టేశాడు. తీగ కింద ఒక్క పంక్తి రాసి వెనక్కి తిరిగాడు.

మైనస్ ఇంటు మైనస్, ప్లస్.