వేళ్లకు తెలిసే కన్ను

ఎదుట లేని వస్తువును చేతికి ఉన్నట్టు తోపించేది హాప్టిక్ సాంకేతికత. సెన్సర్లు చేతి కదలికను పసిగడతాయి. కంప్యూటర్ లెక్కగట్టినంత బలంతో మోటార్లు చేతికి ఎదురొత్తుతాయి. సినిమా బొమ్మ కదలడానికి సెకనుకు 24 ఫ్రేములు చాలు. గట్టి వస్తువును తాకినట్టు అనిపించాలంటే మాత్రం ఈ బలం లెక్క సెకనుకు సుమారు 1,000 సార్లు జరగాలి. స్పర్శ అంత సూక్ష్మం మరి!

1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన హైదరాబాదు ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో శుక్లాల ఆపరేషన్ శిక్షణకు ఈ సాంకేతికతతో పనిచేసే హెల్ప్‌మీసీ అనే సిమ్యులేటర్ వాడారు. కనిపించే కన్ను ఉత్త బొమ్మే. అయినా దాని తెల్లగుడ్డులో సొరంగంలాంటి కోత పెడుతుంటే పొర బిగువు వేళ్లకు తగులుతుంది. లోతు తప్పితే కోత చెడుతుంది, రోగి కన్ను కాదు, మళ్లీ మొదలుపెట్టవచ్చు. కంటి ఆపరేషన్లు నేర్పే ప్రతి బోధనాసుపత్రిలోనూ ఇలాంటి యంత్రం ఉండాలి.